ఉభయ భాషల బ్రౌను

పరభాష నేర్చుకొనేవానికి పెద్ద మాటలు అంతగా బాధ కలిగించవు. నిఘంటువు తెరిస్తే వాటి అర్థం దొరుకుతుంది. ఒకసారి దొరికితే మనస్సున నిలుస్తుంది. బాధ అంతా చిన్న మాటలతోనే. ఇంగ్లీషులో 'బోత్', 'ఐదర్', 'నైదర్' అని మూడు మాటలు ఉన్నవి. మూడూ రెండింటిని గురించి చెప్పేవే. రెండూ అని చెప్పేది మొదటిది. రెండింటిలో ఏదైనా ఒకటి అని చెప్పేది రెండవది. రెండింటిలో ఏదీ కాదని చెప్పేది మూడవది. ఇంతకన్న తేలికైన పాఠం ఉండదని తోచవచ్చును. అయినను, పదవ తరగతి దాటిన విద్యార్థి కూడ ఈ మూడు మాటల దగ్గర తడబడుతూనే ఉంటాడు.

ఇందుకు కారణం పిల్లల అశ్రద్ధ మాత్రమే కాదు. తెలుగు వాక్యం నడిచే త్రోవ వేరు, ఇంగ్లీషు వాక్యం నడిచే త్రోవ వేరు. మాటకు మాట పెట్టినంత మాత్రాన ఒక త్రోవ మరొక త్రోవ కాజాలదు. ఈ సంగతిని పుస్తకాల వలన గాక అనుభవం వలన తెలుసుకొని, తన జీవితంలో అధిక భాగాన్ని ఆ రెండు త్రోవల నడుమనే గడిపినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. తెలుగువారు ఆయనను తమ ప్రాచీన కావ్యాలను కాపాడిన మహనీయుడిగా ఎరుగుదురు. అది అక్షరాల నిజం. అయితే ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు విద్యార్థికీ, నేర్పే ఉపాధ్యాయునికీ కూడ ఆయన జీవితంలో గ్రహింపదగిన పాఠం ఒకటి ఉన్నది.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు; కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పిన ఫోర్టు విలియం కళాశాలలో ముఖ్యమైన పదవి నిర్వహించినవాడు. ఇంటిలోనే విద్యావాతావరణం ఉండుట చేత బాలునికి ప్రాచీన భాషలతోపాటు హిందూస్తానీ కూడ చిన్ననాడే పరిచయమైనది. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయినది. అక్కడ హెయిలీబరీలోని ఈస్టిండియా కళాశాలలో బ్రౌను ఉద్యోగానికి తగిన శిక్షణ పొందినాడు. 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగేనాటికి ఆయనకు పందొమ్మిదవ ఏడు ఇంకా నిండలేదు. తెలుగు అక్షరం ఒక్కటి కూడ రాదు.

మద్రాసులోని ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో యువకులైన సివిలు ఉద్యోగులకు దక్షిణదేశపు భాషలు నేర్పేవారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌనుకు తెలుగు ఓనమాలు దిద్దించినాడు. అప్పటికి ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు లేకపోలేదు. విలియం కేరీ వ్యాకరణం 1814లోను, కాంబెల్ వ్యాకరణం 1816లోను వెలువడినవి. కాంబెల్ నిఘంటువు 1821లో వచ్చినది; దానికి మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక ఆధారం. ఇవన్నీ గొప్ప కృషి ఫలితాలే. కాని వీటి చూపు ఎక్కువగా కావ్యభాష మీదనే నిలిచినది. బజారులో, పొలంలో, కచేరిలో వినబడే తెలుగు వాటిలో అరుదు. పుస్తకంలో చదివిన తెలుగు ఒకటి, చెవిన పడే తెలుగు మరొకటి అయినప్పుడు కొత్తగా నేర్చుకొనేవాని అవస్థ చెప్పనలవి కాదు.

1820లో మద్రాసు గవర్నరుగా వచ్చిన తామస్ మన్రో దత్తమండలాలలో చాలాకాలం పనిచేసినవాడు. దేశభాష రాని అధికారి ప్రజలకు మేలు చేయలేడనేది ఆయన దృఢాభిప్రాయం. ఆ బోధ యువకుడైన బ్రౌను మనస్సున నాటుకొన్నది. ఆ సంవత్సరమే పరీక్ష నెగ్గి, కడప కలెక్టరు హాన్బరీ వద్ద సహాయకుడిగా చేరినాడు. రైతులు, కరణాలు, వ్యాపారులు, వాదులు, ప్రతివాదులు ఆయనకు అక్కడ నిజమైన భాషాగురువులైనారు. కచేరిలో అర్జీ చదివితే ఒక తీరు, అదే అర్జీదారు నోరు విప్పి చెప్పుకొంటే ఇంకొక తీరు. రెండింటినీ పట్టుకొనగలిగినవాడే న్యాయం చేయగలడని ఆయనకు బోధపడినది.

న్యాయస్థానంలో ఒక చిన్న మాట ఎంత పని చేయగలదో ఊహించుట కష్టం కాదు. ఇద్దరు అన్నదమ్ముల మీద నేరం మోపబడినదనుకొందాము. ఆ రాత్రి ఇద్దరూ పొలానికి పోలేదని సాక్షి చెప్పినాడు. తెలుగువాని చెవికి అందులో సందేహం లేదు: అన్న పోలేదు, తమ్ముడూ పోలేదు. దీనిని మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే 'బోత్ డిడ్ నాట్ గో' అవుతుంది. ఇది వినే ఇంగ్లీషువానికి, ఇద్దరూ కలిసి పోలేదు గాని ఒకడు పోయి ఉండవచ్చునన్న అనుమానం కలగడానికి వీలున్నది. సాక్షి చెప్పినదానికి సరియైన ఇంగ్లీషు 'నైదర్ వెంట్' అన్నదే. నిర్దోషులైన ఇద్దరి మీద ఒక అనువాదకుని అజ్ఞానం నీడ పడనీయని మాట అది.

ఈ భేదం ఎందుకు కలుగుతున్నది? తెలుగులో కాదనే అర్థం సాధారణంగా వాక్యం చివర, క్రియలో ఉంటుంది. ఇద్దరూ వచ్చినారు, ఇద్దరూ రాలేదు అనే వాక్యాలలో మొదటి మాట మారలేదు. క్రియ మాత్రమే మారినది. ఇంగ్లీషులో అట్లు కాదు. ఔననేటప్పుడు 'బోత్'తో మొదలుపెట్టిన వాక్యాన్ని, కాదనేటప్పుడు 'నైదర్'తో మొదలుపెట్టవలెను. కాదనుట ఆ మాట కడుపులోనే ఉన్నది. కనుకనే దాని తరువాత మళ్ళీ 'నాట్' చేర్చరాదు. మన విద్యార్థి 'నైదర్ డిడ్ నాట్ కమ్' అని వ్రాయుటకు కారణం, మనం ఎవరూ రాలేదనుటయే. ఎవరూ అనే మాటలో తనంతట నిషేధం లేదు. క్రియ దానికి నిషేధాన్ని ఇస్తున్నది. 'నైదర్'కు ఆ సాయం అక్కరలేదు.

వచనం సంగతి కూడ ఇక్కడనే చెప్పుకొనవలెను. ఇద్దరూ రాలేదనేటప్పుడు తెలుగువాడు ఇద్దరినీ కలిపి చూస్తాడు, క్రియ బహువచనం. 'నైదర్' అనే ఇంగ్లీషువాడు ఒక్కొక్కరినీ విడివిడిగా చూస్తాడు. ఒకడు కాడు, రెండవవాడూ కాడు. అందుచేత శిష్టప్రయోగంలో 'నైదర్ ఆఫ్ ద బ్రదర్స్ వాజ్ దేర్' అని ఏకవచనం రావలెను. 'ఐదర్'కు కూడ ఇదే నియమం. 'బోత్' మాత్రం ఇద్దరినీ కూడగట్టుకొని బహువచనాన్ని కోరుతుంది. వాడుకమాటలలో ఇంగ్లీషువారే ఈ నియమాన్ని కొన్ని వేళల సడలించినను, పరీక్షలో వ్రాసే విద్యార్థి దీనిని పాటించుటయే మేలు.

కడప నుండి 1822లో బ్రౌను మచిలీపట్నానికి బదిలీ అయినాడు. అక్కడ ఉండగా ఫ్రెంచి మతాచార్యుడు డుబాయ్ హిందువుల ఆచారాలను గురించి వ్రాసిన గ్రంథంలో వేమన పేరు ఆయన కంటబడినది. అది మొదలు వేమన పద్యాల కొరకు అన్వేషణ సాగినది. చదువు రాని కూలివానికీ చదువుకొన్న పండితునికీ ఒకే విధంగా తెలిసిన ఆ పద్యాలలో, తాను వెదుకుతున్న సజీవమైన తెలుగు ఆయనకు దొరికినది. వ్రాతప్రతులు తెప్పించి, పోల్చించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో వేమన పద్యాలు ప్రకటించినాడు. అందు 693 పద్యాలు ఉన్నవి. పదేండ్ల పిమ్మట, 1839లో, పద్యాల సంఖ్యను పెంచి మరల అచ్చువేయించినాడు. నడుమ 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించే గ్రంథాన్ని కూడ వెలువరించినాడు.

రాజమహేంద్రవరంలో కొంతకాలం పనిచేసి 1826లో ఆయన కడపకు తిరిగివచ్చినాడు. అక్కడ ఒక బంగళా కొని, పండితులను చేరదీసి, స్వంత జీతం నుండి వారికి వేతనాలు ఇచ్చినాడు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య శాస్త్రి మొదలైనవారు ఆయన వద్ద పనిచేసినవారే. ప్రజలు ఆ బంగళాను బ్రౌను కాలేజి అనుకొన్నారు. నిజానికి అది ప్రభుత్వ కళాశాల కాదు, ఒక ఉద్యోగి తన డబ్బుతో నడిపిన పండితశాల. ఊరూరా తిరిగి తాళపత్రాలు సేకరించుట, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులను తెప్పించుట, వాటిని పంక్తి పంక్తిగా పోల్చుట, నిర్ణయించిన పాఠాన్ని కాగితంమీద శుభ్రంగా వ్రాయించి బైండు చేయించుట — ఇదీ అక్కడ జరిగిన పని.

పాఠపరిష్కరణమంటే ఏమిటో విద్యార్థులు ఒకసారి ఆలోచించవలెను. ఒకే పద్యం రెండు ప్రతులలో రెండు విధాలుగా ఉంటుంది. ఒక ప్రతిలోని మాట సరియైనది కావచ్చును, లేదా రెండవ దానిలోనిది సరియైనది కావచ్చును. ఒక్కొక్కప్పుడు రెండు పాఠాలూ నిలువదగినవే అవుతవి. కవి ఏది వ్రాసినాడో తేల్చి చెప్పలేము. మరొకప్పుడు రెండు ప్రతులలోని మాటా వ్రాయసకాని పొరపాటే. సరియైనది మూడవ ప్రతిలో ఎక్కడనో ఉంటుంది. మన మూడు ఇంగ్లీషు మాటలూ ఈ మూడు నిర్ణయాలకు సరిగా సరిపోతవి. కడప బంగళాలో పండితులు దినమంతా చేసిన పని ఈ నిర్ణయమే. వ్యాకరణపుస్తకంలో ఎండిపోయినట్లు కనబడే నియమాల వెనుక, మనిషి నిజంగా చేయవలసిన ఎంపిక ఒకటి ఉంటుందని ఇందువలన తెలుస్తున్నది.

బ్రౌను చూపు ఆస్థానకావ్యాల వద్దనే ఆగలేదు. జంగముల ఆచారాలను, సాహిత్యాన్ని గురించి ఆయన 1840లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించినాడు. వీరశైవ సాహిత్యమంటే తెలుగున మొదట తలపునకు వచ్చే కవి బసవపురాణం వ్రాసిన పాల్కురికి సోమనాథుడు. సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తి, పోతన పేరుతో ముడివడిన బమ్మెర జనగామ ప్రాంతంలోనివే, దేవరుప్పులకు చేరువలోనివే. జానుతెనుగును పట్టం కట్టి కూర్చుండబెట్టిన కవి పుట్టిన నేలకు, పలుకుబడి తెలుగును నిఘంటువున కూర్చుండబెట్టిన ఇంగ్లీషువాని కృషి ఈ విధంగా బంధువు అవుతున్నది.

పాఠశాలల విషయంలోను ఆయన శ్రద్ధ చూపినాడు. కడపలోను, మచిలీపట్నంలోను ధర్మబడులు పెట్టించి పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించినాడు. ఇవన్నీ జీతంతో సాగే పనులు కావు. అప్పులు పెరిగినవి. తాళపత్రాల కొరకు అప్పు చేసే అధికారిని చూచి తోటి ఇంగ్లీషువారు విస్తుపోయినారు. అయినను ఆయన సేకరణ ఆగలేదు.

1832-33 సంవత్సరాలలో, అనగా నందననామ సంవత్సరంలో, గుంటూరు మండలం భయంకరమైన క్షామానికి గురి అయినది. డొక్కల కరువని తెలుగువారు తరతరాలుగా చెప్పుకొనేది దానినే. మండలంలోని అయిదు లక్షల జనంలో లక్షన్నర మంది వరకు నశించినట్లు అంచనా. ఆ సమయంలో బ్రౌను గుంటూరులో పనిచేస్తున్నాడు. ప్రభుత్వం ఆ విపత్తును కొరత అనే మెత్తని మాటతో పిలువగోరినది. బ్రౌను తన లేఖలలో కరువు అనే మాటనే వాడినాడు. కొరత అయితే సర్దుకొనవచ్చును. కరువు అయితే ప్రభుత్వం బాధ్యత వహింపవలెను. రెండు మాటల నడుమ తేడా వేలకొలది ప్రాణాలని ఆయన ఎరుగును. పై అధికారులకు ఆ మాట గాని, ఆయన తీసుకొన్న చర్యలు గాని రుచించలేదు. మాటను ఉన్నదున్నట్లు వాడవలెననే పట్టుదల నిఘంటుకారునికి గౌరవం తెచ్చిపెడుతుంది. ఉద్యోగికి మాత్రం కష్టమే తెచ్చినది.

1834లో ఆయన ఉద్యోగం పోయినది. చేతిలో ధనం లేదు. తలమీద అప్పు ఉన్నది. ఇంగ్లండుకు పోయిన ఆయన అక్కడ కూడ తెలుగును మరువలేదు. లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయంలో దక్షిణదేశపు వ్రాతప్రతులు రెండువేలకు పైబడి, చదివేవారు లేక పడి ఉన్నవి. బ్రౌను వాటిని పరిశీలించి, పట్టికలు వేసి, వాటిని చదువగలవారున్న మద్రాసుకు పంపించే ఏర్పాటు చేయించినాడు. తానే పదవి కోల్పోయి దిక్కుతోచని దశలో ఉండగా, తెలుగు గ్రంథాలను స్వదేశానికి చేర్చిన ఆ పని ఆయన స్వభావాన్ని తెలుపుతుంది. తాను సేకరించిన ప్రతులను కూడ పిమ్మట మద్రాసు సాహిత్య సంఘానికి ఇచ్చివేసినాడు. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోని తెలుగు సంపదకు ఇదంతా పునాది అయినది.

ఆ దశాబ్ది ముగిసేలోగా ఆయన మరల మద్రాసు చేరి ప్రభుత్వానికి పారశీక భాషానువాదకుడిగా, తరువాత తెలుగు అనువాదకుడిగా, పోస్టుమాస్టరు జనరలుగా పనిచేసినాడు. ఆ కాలమే ఆయన గ్రంథరచనకు పంటకాలం. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చయినది. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రౌఢకావ్యాలు ఆయన ప్రోత్సాహంతో వ్యాఖ్యలతో సహా ముద్రణ పొందినవి. లేఖలు, పోలీసు కాగితాలు, రివిన్యూ కాగితాలు చేర్చి, అనువాదంతోను వ్యాకరణ వివరణతోను ఒక తెలుగు వాచకాన్ని సిద్ధం చేసినాడు. కావ్యాలకు బదులు కచేరి కాగితాలతో భాష నేర్పే వాచకం ఆనాటికి కొత్త.

1852 మొదలు 1854 వరకు ఆయన నిఘంటువులు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘపు ముద్రాక్షరశాల నుండి వెలువడినవి. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యభాషతోపాటు వ్యవహారంలోని పలుకుబడికీ సమాన స్థానం ఇచ్చినాడు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ఇంగ్లీషు నుడికారాలను తెలుగున విడమరచి చెప్పుటయే ప్రధానంగా పెట్టుకొన్నాడు. మూడవది మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన పరభాషాపదాలకు అది ఉద్దేశింపబడినది. కచేరి, జమాబంది, దస్తావేజు వంటి మాటలను పుట్టుక చూచి వెలివేయక, ప్రజలు వాడుతున్నారా లేదా అని మాత్రమే చూచిన దృష్టి అది. నిజాం రాజ్యంలో తరాల తరబడి ఇంట తెలుగు, కచేరిలో ఉర్దూ విన్న జనగామ ప్రాంతంవారికి ఈ దృష్టి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ కాలంలోనే ఆయన వాక్యావళి అనే చిన్న పుస్తకం కూడ ప్రకటించినాడు. ఇంగ్లీషు, తెలుగు నుడికారాలను వాక్యాల రూపంలో అభ్యసింపజేసే పుస్తకమది. నిఘంటువులు కట్టినవాడే మరల వాక్యాల పుస్తకం ఎందుకు కూర్చవలసివచ్చినది? నిఘంటువు మాటను ఇవ్వగలదు గాని మాట నడకను పూర్తిగా ఇవ్వలేదు. ఆ నడక వాక్యంలోనే ఉన్నది. ఆయన జీవితమంతా దీనికే నిదర్శనం.

మన మూడు మాటలనే మరల తీసుకొని చూడవచ్చును. 'ఐదర్' అనగా రెండింటిలో ఒకటి అని విద్యార్థి కంఠస్థం చేసినాడు. నదికి 'ఐదర్' ఒడ్డున చెట్లు ఉన్నవని ఇంగ్లీషున చదివితే, ఏదో ఒక ఒడ్డున మాత్రమే ఉన్నవని అనుకొంటాడు. కాని అక్కడ దాని అర్థం ఇరు ఒడ్డులా అని. ఒకే మాట ఒకచోట ఏదైనా ఒకటి, వేరొకచోట ఒక్కొక్కటిగా రెండూ అని చెబుతున్నది. తెలుగులో మనం మనుషులకు ఇద్దరు, వస్తువులకు రెండు అని వేరు చేస్తాము. అన్నదమ్ములిద్దరూ, ఎద్దులు రెండూ అంటాము. ఇంగ్లీషుకు ఆ భేదం లేదు. 'బోత్' ఒక్కటే చాలును. ఒక భాష విడదీసిన చోట మరొక భాష కలుపుతుంది. ఒకటి కలిపిన చోట మరొకటి విడదీస్తుంది.

మరొక చిక్కు ఉన్నది. నాకూ తెలుసు, నాకూ తెలియదు అని మనం ఒకే విధంగా అంటాము. చివర దీర్ఘం రెండింటికీ సమానమే. దానిని పట్టుకొని మన విద్యార్థి రెండుచోట్లా 'ఆల్సో' అని వ్రాస్తాడు. కాని నిషేధవాక్యం చివర ఇంగ్లీషు కోరేది 'ఐదర్': 'ఐ డోంట్ నో, ఐదర్' అనవలెను. లేదా 'నైదర్ డూ ఐ' అనవలెను. రెండవ దానిలో నిషేధం ముందే వచ్చినది గనుక మరల 'నాట్' రాదు. క్రియాభాగం కర్తకు ముందుకు జరుగుతుంది. జంట ప్రయోగాలలో 'బోత్'కు 'అండ్', 'ఐదర్'కు 'ఆర్', 'నైదర్'కు 'నార్' జోడు. ఐదర్-ఆర్, నైదర్-నార్ జంటలలో క్రియ తనకు దగ్గరగా ఉన్న నామాన్ని అనుసరిస్తుంది. మూడు గాని అంతకు మించిగాని ఉన్నచోట 'ఆల్', 'ఎనీ', 'నన్' వాడుట శిష్టాచారం. ఇక ఉచ్చారణలో 'ఐదర్' అన్నను 'ఈదర్' అన్నను తప్పు లేదు. రెండూ ఇంగ్లీషువారి నోట ఉన్నవే.

బ్రౌను దేవుడు కాడు. ఆయన కంపెనీ ప్రభుత్వ సేవకుడు. ఆ ప్రభుత్వపు అవసరాలకు కూడ ఆయన కృషి ఉపయోగపడినది. కవులమీదను కావ్యాలమీదను ఆయన వెలిబుచ్చిన అభిప్రాయాలు అన్నీ నేడు అంగీకరింపదగినవి కావు. ఆయన పేరుమీద వెలసిన గ్రంథాల వెనుక తెలుగు పండితుల రెక్కల కష్టం ఉన్నది. వారిలో అనేకుల పేర్లు నేడు విద్యార్థులకు తెలియవు. ఈ గౌరవం ఆయనకా, పండితులకా అని అడిగేవారికి జవాబు ఇద్దరికీ అన్నదే. ఆయన లేనిదే ఆ పని మొదలు కాదు. వారు లేనిదే పూర్తి కాదు.

ఉద్యోగం చాలించుకొని 1855లో బ్రౌను ఇండియాను శాశ్వతంగా విడిచినాడు. లండనులో ఉంటూ తన వ్యాకరణాన్ని సవరించి 1857లో రెండవసారి ప్రకటించినాడు. పిమ్మట లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా నియమింపబడినాడు. తన సాహిత్య జీవితాన్ని గురించి సంగ్రహంగా ఒక కథనం కూడ వ్రాసి ఉంచినాడు. వివాహం చేసుకొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనభై ఆరు సంవత్సరాలు నిండిన వయస్సులో, లండనులో కన్నుమూసినాడు.

ఆయన పోయిన తరువాత ఆయన పని నిలిచినది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1903లో కందుకూరి వీరేశలింగం మొదలైనవారు సవరించి కొత్తగా వెలువరించినారు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో బంగోరె అనే పేరుతో ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి బ్రౌను లేఖలను, వ్రాతలను వెదకి వెలుగులోనికి తెచ్చినాడు. కడపలో శిథిలమైన బ్రౌను బంగళా స్థలంలో ఆయన పేర గ్రంథాలయం వెలయుటకు జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏండ్ల తరబడి శ్రమించినాడు. ఆ సంస్థ తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చి భాషాపరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. వేమనను ఇంగ్లీషువారికి పరిచయం చేసినవాని గ్రంథాలయం వేమన పేరుగల విద్యాలయానికి చేరుట సముచితమే.

2022-23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణలోని ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినది. దేవరుప్పుల వంటి గ్రామసీమలలోని బాలబాలికలకు ఇంగ్లీషు నేడు ఒక పాఠ్యాంశం మాత్రమే కాదు. గణితానికి, శాస్త్రానికి అదే ద్వారం. అయితే ఇవ్వబడిన రెండు సంఖ్యలలో ఏదీ సరి కాదనే లెక్కను, రెండూ సరి కావని గాక ఒకటి సరి కాదని అర్థం చేసుకొన్న పిల్లవాడు లెక్క రాక తప్పడు, మాట రాక తప్పుతాడు. ఉపాధ్యాయునికి ఆ తేడా కనిపెట్టుట అవసరం. మార్కు పోయిన కారణం పిల్లవానికి తెలియకపోతే, తనకు గణితమే రాదని జీవితాంతం నమ్ముతాడు.

దీనికి మందు తెలుగును తరగతి గది నుండి బయటకు పంపుట కాదు. ఇద్దరూ రాలేదనే వాక్యాన్ని నల్లబల్లమీద వ్రాసి, నిషేధం ఎక్కడ ఉన్నదో పిల్లలచేతనే చెప్పించి, అదే అర్థం ఇంగ్లీషులో ఎక్కడ కూర్చున్నదో పక్కనే చూపిస్తే పది నిమిషాలలో తెలిసే సంగతి, నియమాన్ని నూరుసార్లు వల్లించినను తెలియదు. తన భాష నడకను గమనించినవానికే పరభాష నడక పట్టుబడుతుంది. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన బ్రౌను తెలుగును నేర్చినది ఈ విధంగానే. తెలుగు పుట్టుకతో వచ్చిన పిల్లలు ఇంగ్లీషును నేర్చుటకు కూడ ఇదే దారి. ఆయన తెలుగు కొరకు ఇంగ్లీషును వదలలేదు, ఇంగ్లీషు కొరకు తెలుగును చులకన చేయలేదు. మన పిల్లలకూ రెండూ కావలెను.